ఇంజన్ ఎంత, బరువెంత: రేడియో కంట్రోల్ విమానాల్లో తెగని లెక్క

రేడియో కంట్రోల్ విమానం కట్టడానికి కూర్చున్న ప్రతివారూ మొదట అడిగేది ఒకటే: దీనికి ఎంత ఇంజన్ పెట్టాలి? జవాబు డబ్బా మీదే ఉంటుంది. ‘టూస్ట్రోక్ అయితే 40 నుంచి 46, ఫోర్‌స్ట్రోక్ అయితే 60 నుంచి 70’ అని కిట్ తయారీదారు అచ్చు వేసే ఉంటాడు. అయినా వాదన ఆగదు. కింది అంకె చాలునని ఒక పక్షం, పై అంకెను కూడా దాటాలని ఇంకో పక్షం దశాబ్దాలుగా పట్టుబడుతూనే ఉన్నాయి. ఎలక్ట్రిక్ మోటార్లు వచ్చాక వాట్ల లెక్క కలిసింది. భారీ నమూనాలు వచ్చాక సైజు లెక్క కలిసింది. ప్రభుత్వాలు బరువును బట్టి నిబంధనలు పెట్టాక చట్టం కూడా వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఎవరు ఏ లెక్కలో మాట్లాడుతున్నారో తెలియక కొత్తవారు తికమకపడుతున్నారు.

ఈ పక్షాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. అందరూ వాదించేది ఇంజన్ గురించి, అందరినీ ఇబ్బంది పెట్టేది మాత్రం బరువు. 

## సైజు అంటే ఏమిటి

40, 46, 60 అనేవి క్యూబిక్ అంగుళంలో నూరో వంతులు. క్యూబిక్ అంగుళం అంటే 16.4 సీసీ. కాబట్టి 40 అంటే సుమారు 6.5 సీసీ, 46 అంటే 7.5, 61 అంటే 10 సీసీ. పెట్రోల్ ఇంజన్లకు మాత్రం నేరుగా సీసీల్లోనే చెబుతారు. ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారే మండుతుంది కనుక అదే పని చేయడానికి దానికి సుమారు ఒకటిన్నర రెట్ల సైజు కావాలన్నది వాడుక లెక్క.

సైజు చూసి శక్తి తెలుసుకోలేం. ఓఎస్ కంపెనీ 46 ఏఎక్స్ ఇంజన్‌కు నిమిషానికి 16,000 చుట్ల దగ్గర 1.63 హార్స్‌పవర్ అని రాస్తారు. అంటే 1,200 వాట్ల పైమాట. కానీ ట్రైనర్ విమానంలో ఆ ఇంజన్‌కు 10x6 లేక 11x6 ప్రొపెల్లర్ బిగించి 12,000 చుట్ల చుట్టూ తిప్పుతారు. అక్కడ ప్రొపెల్లర్‌కు అందేది 500 నుంచి 700 వాట్లే. డబ్బా మీది అంకెలో సగం ఎప్పుడూ డబ్బా మీదే ఉండిపోతుంది. దాన్ని పట్టుకుని జరిగే వాదనలన్నీ దాదాపు వృథా.

## వాదం ఎలా పుట్టింది

1930ల తొలినాళ్లలో అమెరికాలో బిల్ బ్రౌన్ తయారు చేసిన బ్రౌన్ జూనియర్, నమూనా విమానాలకు విరివిగా అమ్ముడైన తొలి పెట్రోల్ ఇంజన్లలో ఒకటి. సుమారు 10 సీసీ. శక్తి హార్స్‌పవర్‌లో అయిదో వంతు, అంటే 150 వాట్లు. అదే సైజు ఇంజన్ ఇవాళ దానికి ఎన్నో రెట్లు ఇస్తుంది. పైగా అప్పటి ఇంజన్ ఒంటరిగా ఎగిరేది కాదు. స్పార్క్ ప్లగ్‌కు కావలసిన కాయిల్, కండెన్సర్, బ్యాటరీలు అన్నీ విమానమే మోయాలి.

దానికి రేడియో తోడైతే ఎలా ఉంటుంది? 1937 ప్రాంతంలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు ఆ పని చేసి చూపించారు. వారి ‘గఫ్’ విమానం ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. వాల్వుల రిసీవరు, దాని బ్యాటరీలు మోయాలంటే పెద్ద రెక్క తప్ప దారి లేదు. కాబట్టి ఆ తరానికి ఇంజన్ ఎంపిక అనేది ప్రశ్నే కాదు. దొరికిన ఇంజన్ పెట్టుకోవాలి, రెక్క పెంచుకోవాలి, మిగతాచోట్ల గ్రాములు కోసుకోవాలి.

1947లో రే ఆర్డెన్ తెచ్చిన గ్లో ప్లగ్ ఈ లెక్కను మార్చింది. ప్లగ్‌లోని ప్లాటినం తీగ మెథనాల్ ఆవిరి తగిలి ఎర్రగా వేడెక్కి ఉంటుంది. ఒకసారి ఇంజన్ అందుకుంటే బ్యాటరీ తీసేయవచ్చు. కాయిల్, కండెన్సర్ ఇంటి దగ్గరే ఉండిపోయాయి. 1960ల్లో ప్రపోర్షనల్ రేడియోలు, ఆ తర్వాత చిన్న సెర్వోలు, 2005 తర్వాత 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్లు వచ్చి రేడియో బరువు కూడా పడిపోయింది. ఇంజన్లలో సిలిండర్‌లోకి మిశ్రమం వెళ్లే దారులను మెరుగుపరిచే షనూర్లే పోర్టింగ్ వచ్చి అదే సీసీకి శక్తి పెరిగింది. బరువు తప్పనిసరి కాని రోజులు వచ్చాక, ‘ఎంత ఇంజన్ పెట్టగలం’ అన్న ప్రశ్న పోయి ‘ఎంత పెట్టాలి’ అన్న ప్రశ్న పుట్టింది.

## తేలిక పక్షం

ఈ పక్షానికి మూలం రేడియో లేని ఫ్రీ ఫ్లైట్ విమానాలు. వారి వాదన సూటిగా ఉంటుంది: విమానాన్ని మోసేది రెక్క, ఇంజన్ కాదు. రెక్క వైశాల్యంలో ప్రతి చదరపు డెసీమీటరు, అంటే పది సెంటీమీటర్ల చదరం, ఎన్ని గ్రాములు మోస్తోందో అదే విమానం స్వభావాన్ని నిర్ణయిస్తుంది. దాన్నే వింగ్ లోడింగ్ అంటారు.

లెక్క వేసి చూద్దాం. 45 చదరపు డెసీమీటర్ల రెక్క, రెండున్నర కిలోల బరువు ఉన్న మామూలు 40 సైజు ట్రైనర్‌కు వింగ్ లోడింగ్ సుమారు 55 గ్రాములు. సముద్ర మట్టం దగ్గర, చల్లటి గాలిలో అది స్టాల్ అయ్యే, అంటే రెక్క ఇక మోయలేక విమానం పడిపోయే, వేగం గంటకు 31 కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది. అదే విమానం జిగురు, రంగు, పెద్ద ఇంజన్, పెద్ద ట్యాంకు కలిసి మూడు కిలోలు తూగిందనుకుందాం. స్టాల్ వేగం 34కి చేరుతుంది. మూడు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ నేలను తాకేటప్పుడు విమానంలో ఉండే గతిశక్తి బరువుతోనూ, వేగం వర్గంతోనూ పెరుగుతుంది. రెండూ కలిసి 44 శాతం ఎక్కువ. విరిగే ల్యాండింగ్ గేర్లు, పగిలే ఫైర్‌వాల్‌లు (ఇంజన్‌ను బిగించే ముందు పలకలు) ఆ 44 శాతంలోంచే వస్తాయి. రెక్కను గాలికి అదే కోణంలో ఉంచి మట్టంగా ఎగరడానికి కావలసిన శక్తి కూడా 31 శాతం పెరుగుతుంది. బరువెక్కిన విమానానికి పెద్ద ఇంజన్ కావాలి, పెద్ద ఇంజన్ వల్ల బరువు ఇంకా పెరుగుతుంది. ఈ పక్షం భయపడేది ఈ చక్రానికే.

వారు చూపే ఉదాహరణల్లో సిగ్ కంపెనీ కేడెట్ సీనియర్ ఒకటి. రెండు మీటర్ల రెక్క, మూడు కిలోల లోపు బరువు, వింగ్ లోడింగ్ 40 గ్రాముల చుట్టూ. ఇంత పెద్ద విమానాన్ని 40 సైజు ఇంజన్ హాయిగా ఎత్తుతుంది.

ఇంతకంటే బలమైన సాక్ష్యం 2003 ఆగస్టులో దొరికింది. మేనార్డ్ హిల్ బృందం కట్టిన ‘టామ్-5’ న్యూఫౌండ్‌లాండ్ నుంచి బయలుదేరి అట్లాంటిక్ దాటి ఐర్లండ్‌లో దిగింది. 3,000 కిలోమీటర్ల పైన దూరం, దాదాపు 39 గంటలు. రికార్డు నిబంధన ప్రకారం మొత్తం బరువు 5 కిలోలు మించకూడదు, అందులో దాదాపు సగం ఇంధనమే. ఇంజన్ 10 సీసీ ఫోర్‌స్ట్రోక్. దాన్ని గంటకు 60 గ్రాముల లోపు ఇంధనంతో నడిచేలా మలిచారు. సాధారణ 46 గ్లో ఇంజన్ ఫుల్ థ్రాటిల్‌లో రెండు మూడు నిమిషాల్లో తాగేది అంతే. ఆ విమానంలో మిగులు శక్తి అన్నదే లేదు. అయినా చరిత్రలో నిలిచింది. ఆదివారం సాయంత్రం సరదాగా ఎగరేసే విమానానికి దాన్ని నమూనాగా తీసుకోవాలా అన్నది వేరే సంగతి.

## మిగులు శక్తి పక్షం

ఎదుటి పక్షం వాదన కూడా తేలికగా కొట్టేయదగింది కాదు. థ్రాటిల్ ఉన్నది తగ్గించుకోవడానికే కదా, పెద్ద ఇంజన్ పెట్టుకుని సగంలో నడుపుకుంటే పోయేదేముంది అంటారు వారు. ల్యాండింగ్ తప్పితే మళ్లీ పైకి లేవడానికి, గడ్డి నేల మీద పరుగు తీయడానికి, చెట్ల వరస దాటడానికి మిగులు శక్తి కావాలి. పూర్తి బలంతో ఎప్పుడూ ఉరకలేసే చిన్న ఇంజన్ కంటే, నిదానంగా నడిచే పెద్ద ఇంజన్ ఎక్కువ కాలం మన్నుతుంది.

ఈ పక్షానికి ఇంజన్ తయారీదారులే బలం ఇచ్చారు. ఓఎస్ 46 ఏఎక్స్, 55 ఏఎక్స్ ఒకే కొలతల కేసులో వస్తాయి, బోల్టు రంధ్రాలు కూడా అవే. సైజు 20 శాతం పెరిగినా బరువు తేడా 30 గ్రాములు దాటదు. ‘పెద్ద ఇంజన్ అంటే పెద్ద బరువు’ అన్న పాత సూత్రం ఇక్కడ పనిచేయదు. తేలిక పక్షం ఈ మార్పును సరిగా లెక్కలోకి తీసుకోలేదనే చెప్పాలి.

పొట్టి ముక్కు విమానాల విషయంలోనూ ఈ పక్షానిదే పైచేయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు విమానాల నమూనాల్లో ఇంజన్ రెక్కకు మరీ దగ్గరగా ఉంటుంది, తోక మాత్రం పొడుగు. చిన్న ఇంజన్ పెడితే ముక్కులో సీసం ముక్కలు కూరాలి. ఏ పనీ చేయని సీసం కంటే, అదే బరువు ఉండి థ్రస్ట్ కూడా ఇచ్చే ఇంజన్ మేలు.

అయితే ఈ పక్షం దాటవేసే సంగతి ఒకటుంది. పెద్ద ఇంజన్ ఒంటరిగా రాదు. పెద్ద ట్యాంకు, దాన్ని మోసే గట్టి ఫైర్‌వాల్, బరువైన మఫ్లర్ వెంట వస్తాయి. గ్లో ఇంధనం 300 మిల్లీలీటర్లు సుమారు 250 గ్రాములు. అది చాలక 400 పడితే ఇంకో 80 పైన. 10 సీసీ గ్లో ఇంజన్ తీసి 20 సీసీ పెట్రోల్ ఇంజన్ పెడితే మఫ్లర్, ఇగ్నిషన్ బాక్సు కలిపి 800 గ్రాములు దాటుతుంది, ఇగ్నిషన్ బ్యాటరీ అదనం. పెట్రోల్‌కు మెథనాల్ కంటే రెట్టింపు శక్తి ఉంటుంది కనుక ట్యాంకులో కొంత తిరిగి వస్తుంది గానీ మొత్తం రాదు.

ఇంకోటి వేగం. 40 సైజు ట్రైనర్ రెక్కను ఒక వేగానికి కట్టారు. దానికి 60 పెట్టి డైవ్ చేయిస్తే ఐలెరాన్లు, ఎలివేటరు కొట్టుకోవడం మొదలవుతుంది. ఫ్లట్టర్ అనే ఈ వణుకు సెకన్లలో అతుకులను చీల్చేస్తుంది. థ్రాటిల్ ఉంది కదా అన్న వాదన, చేయి ఎప్పుడూ థ్రాటిల్ మీద అదుపులో ఉంటుందన్న నమ్మకం మీద నిలబడింది. కొత్తగా నేర్చుకునేవారి చేతి మీద అంత నమ్మకం పెట్టడం సరికాదు.

## ప్రొపెల్లర్, మధ్యలో మరిచిపోయిన మనిషి

రెండు పక్షాలూ తక్కువగా మాట్లాడేది ప్రొపెల్లర్ గురించి. 10x6 అంటే 10 అంగుళాల వ్యాసం, ఒక చుట్టుకు 6 అంగుళాలు ముందుకు నడిచే పిచ్. 12,000 చుట్లలో అది లెక్క ప్రకారం గంటకు 110 కిలోమీటర్ల వేగం కోరుతుంది. 12x4 పెట్టి 11,000 చుట్లు తిప్పితే ఆ వేగం 67కి పడిపోతుంది, కానీ నిలబడి ఉన్నప్పుడు లాగే థ్రస్ట్ పెరుగుతుంది. నిదానంగా ఎగరవలసిన విమానానికి రెండోదే సరైనది. ‘ఇంజన్ చాలడం లేదు’ అన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి ఇంజన్ మార్చనక్కరలేదు, ప్రొపెల్లర్ మారిస్తే చాలు.

## వాట్లలో మాట్లాడేవారు

ఎలక్ట్రిక్ నమూనాలు కొత్తవేమీ కాదు. 1957లో ఇంగ్లండ్‌లో కల్నల్ టాప్లిన్ ‘రేడియో క్వీన్’ను విద్యుత్ మోటారుతో ఎగరేశాడు. కానీ 2000 తర్వాత బ్రష్‌లెస్ మోటార్లు, లిథియం పాలిమర్ బ్యాటరీలు చవకయ్యేదాకా అది కొద్దిమంది వ్యసనంగానే ఉండిపోయింది. ఆ తర్వాత మాత్రం పాత వాదాన్ని కొత్త భాషలోకి మార్చేసింది. సీసీ లేదు, సైజు లేదు. విమానం బరువులో కిలోకు ఎన్ని వాట్లు అన్నదే ప్రశ్న.

| విమానం రకం | వింగ్ లోడింగ్, చ. డెసీమీటరుకు గ్రాములు | కిలోకు వాట్లు |
|---|---|---|
| నిదానంగా ఎగిరే పాత తరహా | 25–40 | 80–130 |
| ట్రైనర్ | 40–60 | 130–200 |
| స్పోర్ట్ | 55–80 | 200–280 |
| యుద్ధ విమాన నమూనా | 80–120 | 250–350 |
| త్రీడీ ఏరోబాటిక్ | 40–65 | 350–450 |

ఇవి వాడుకలో స్థిరపడ్డ స్థూలమైన హద్దులు, సూత్రాలు కావు. అయినా రెండు నిలువు వరసలూ పక్కపక్కన ఉండటం ముఖ్యం. గాలిలో వేలాడుతూ విన్యాసాలు చేసే త్రీడీ విమానం ట్రైనర్ అంత తేలిక, శక్తి మాత్రం రెండింతలు పైనే. యుద్ధ విమాన నమూనాకు రెండూ ఎక్కువే. ఒక్క వరసే చూసి ఇంజన్ ఎంచుకుంటే ఎక్కడ తప్పు జరుగుతుందో ఇక్కడే కనిపిస్తుంది.

ఈ పక్షానికి ఉన్న పెద్ద గుణం కొలత. మీటరు పెట్టి వాట్లు చదవవచ్చు, బ్రోచరును నమ్మక్కరలేదు. లోపం కూడా అక్కడే ఉంది. ఎలక్ట్రిక్ వాట్లను బ్యాటరీ దగ్గర కొలుస్తారు, ఇంజన్ హార్స్‌పవర్‌ను షాఫ్ట్ దగ్గర. మోటారు, కంట్రోలరు నష్టాలు పోగా షాఫ్ట్‌కు చేరేది ఎనభై శాతం చుట్టూ. రెండు వేర్వేరు చోట్ల తీసిన అంకెలను ఒకే తక్కెడలో వేసి ‘ఎలక్ట్రిక్‌దే బలం’ అనో ‘గ్లోదే బలం’ అనో తీర్పు చెప్పడం ఇప్పటికీ మామూలే.

బరువు విషయంలో ఎలక్ట్రిక్‌కు ఉన్న ఇబ్బంది వేరు. ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ గ్లో విమానం తేలికవుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా అంతే బరువుంటుంది. ఎక్కిన బరువుతోనే దిగాలి. అయితే గరిమనాభి, అంటే అభిరుచిపరులు సీజీ అనేది, ఎలక్ట్రిక్‌లో కదలదు. గ్లో విమానంలో ట్యాంకు సీజీకి ముందుంటుంది కనుక ఇంధనం అయిపోయేసరికి సీజీ వెనక్కి జరుగుతుంది. ఖాళీ ట్యాంకుతోనే సీజీ చూసుకోమని పెద్దలు చెప్పేది అందుకే.

## పెద్దవి బాగా ఎగురుతాయా

1980లో భారీ నమూనాల కోసం అమెరికాలో ఐఎంఏఏ అనే సంఘం ఏర్పడింది. ఒంటి రెక్క విమానానికి కనీసం 80 అంగుళాల రెక్క ఉండాలన్నది వారి హద్దు. చెట్లు కోసే మోటారు రంపాల ఇంజన్లను విమానాలకు మలిచి వాడిన కాలం అది. ఈ సమూహం అనుభవం నుంచి వచ్చిన ప్రశ్న మామూలు వింగ్ లోడింగ్ పునాదినే కదిలించింది. 90 గ్రాముల లోడింగ్ ఉన్న రెండున్నర మీటర్ల విమానం హంసలా దిగుతుంటే, అదే లోడింగ్ ఉన్న మీటరు విమానం రాయిలా ఎందుకు పడుతుంది?

కారణం కష్టమైనదేమీ కాదు. కొలతలు రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లు, ఘనపరిమాణం ఎనిమిది రెట్లు. కాబట్టి ఒకే రకం నిర్మాణానికి సైజు పెరిగేకొద్దీ వింగ్ లోడింగ్ సహజంగానే పెరుగుతుంది. దాన్ని సరిచేయడానికి బరువును వైశాల్యంతో కాక, వైశాల్యం ఒకటిన్నర ఘాతంతో భాగించే పద్ధతి వచ్చింది. క్యూబిక్ వింగ్ లోడింగ్ అంటారు. ఔన్సులు, అడుగుల లెక్కలో ట్రైనర్లకు ఇది 5 నుంచి 9, బరువైన యుద్ధ విమాన నమూనాలకు 13 పైన వస్తుంది. సైజు ఏదైనా స్వభావాన్ని పోల్చగలగడం దీని లాభం.

కానీ స్టాల్ వేగాన్ని ఈ అంకె చెప్పదు. అది ఇప్పటికీ పాత వింగ్ లోడింగ్ మీదే ఆధారపడుతుంది. పెద్ద విమానం వేగంగానే దిగుతుంది, దాని సైజుతో పోల్చి చూసే కంటికి మాత్రం నిదానంగా దిగినట్టుంటుంది. రెక్క వెడల్పుతో పాటు రేనాల్డ్స్ సంఖ్య పెరిగి గాలి ప్రవాహం మెరుగుపడటం కొంత నిజమైన లాభం. మిగతాది చూపు. ఆ రెండింటి వాటాలు విడదీయకుండానే ‘పెద్దవి బాగా ఎగురుతాయి’ అన్న మాట సామెతగా స్థిరపడిపోయింది.

## గ్రాములు ఎక్కడ చేరతాయి

సిద్ధాంతాల్లో ఎంత తేడా ఉన్నా, కట్టే బల్ల దగ్గరికి వచ్చేసరికి అన్ని పక్షాలూ ఒప్పుకునే సూత్రం ఒకటుంది: తోక మీద ప్రతి గ్రాముకూ వడ్డీ కట్టాలి. సీజీ నుంచి తోక దూరం ముక్కు దూరానికి మూడు రెట్లుంటే, తోకలో 10 గ్రాములు పెరిగితే ముక్కులో 30 గ్రాములు కలపాలి. మొత్తం 40. కాబట్టి మంచి బాల్సా చెక్కను ఏరి తోకకు కేటాయించాలి. బాల్సా అంటే ఒకే చెక్క కాదు. తేలిక రకం ఘనపు మీటరుకు 100 కిలోల చుట్టూ ఉంటే, గట్టి రకం 200 దాటుతుంది. ఒకే షీటు కొలతలో రెట్టింపు తేడా. తూచకుండా కొనేవారు ఇంజన్ గురించి వాదించడంలో అర్థం లేదు.

మన దగ్గర ఈక్వడార్ నుంచి దిగుమతయ్యే బాల్సా ఖరీదు కనుక కాలేజీ కుర్రాళ్లు సన్‌బోర్డు, కోరోప్లాస్ట్, థర్మోకోల్ వాడతారు. పడినా తట్టుకునే గుణం వల్ల కోరోప్లాస్ట్ మొదటి విమానానికి మంచిదే గానీ, బరువులో బాల్సాకు సాటి రాదు. కోరోప్లాస్ట్‌తో తోక కట్టి, ముక్కులో బ్యాటరీ ఎంత ముందుకు జరిపినా సీజీ కుదరక తంటాలు పడేవారు ఎక్కువ.

మిగతాది చకచకా చెప్పుకోవచ్చు. పై పొరగా అతికే ఫిల్ము చదరపు మీటరుకు 60, 70 గ్రాములు. తేలిక రకాలు అందులో సగం. స్టాండర్డ్ సెర్వో ఒక్కటి 40 గ్రాములు దాటుతుంది, చిన్న విమానాల్లో 9 గ్రాముల సెర్వో చాలు. ఎపాక్సీ ఫైర్‌వాల్‌కు, ల్యాండింగ్ గేరు దగ్గర కావాలి, రెక్కలోని పక్కటెముకలకు అక్కర్లేదు. గమ్మత్తేమిటంటే, రెడీమేడ్ విమానాల కాలంలో ఈ విద్యే మెల్లగా పోతోంది. డబ్బా తెరిచేసరికే బరువు నిర్ణయమైపోయి ఉంటుంది. కొన్నవారి చేతిలో మిగిలేది ఇంజన్ ఎంపిక ఒక్కటే. వాదం ఎందుకు ఇంజన్ చుట్టూ తిరుగుతోందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

## నిబంధనలు ఎటు తిరిగాయి

ఏరోబాటిక్స్‌లో ప్రపంచ పోటీ విభాగమైన ఎఫ్‌త్రీఏ చరిత్ర ఈ చర్చకు మంచి ప్రయోగశాల. చాలాకాలం అందులో ఇంజన్ 10 సీసీ దాటకూడదు. ఫోర్‌స్ట్రోక్‌లు వచ్చాక వాటికి 20 సీసీ దాకా అనుమతించారు. చివరికి సీసీ హద్దునే ఎత్తేశారు. రెక్క, పొడవు రెండు మీటర్లు, బరువు 5 కిలోలు, శబ్దానికి ఒక పరిమితి. ఇంజన్‌ను వదిలేసి బరువును పట్టుకున్నారు. ఫలితంగా 28 సీసీ దాకా ఫోర్‌స్ట్రోక్‌లు వచ్చినా, ఎవరూ హద్దు లేకుండా పోలేకపోయారు. ప్రతి సీసీకీ గ్రాములు లెక్క చెప్పాల్సి వచ్చింది.

విద్యార్థులకు ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంఘం నడిపే ఏరో డిజైన్ పోటీలది ఇంకో దారి. మొదట అందరికీ ఒకే రకం 61 సైజు ఇంజన్ నిర్దేశించారు. ఎలక్ట్రిక్‌కు మారాక 1,000 వాట్ల పరిమితి పెట్టారు. శక్తి అందరికీ సమానం, కాబట్టి గెలుపంతా ఖాళీ బరువు తగ్గించి సరుకు ఎక్కువ మోయడంలో. ఎస్ఏఈ భారత విభాగం దక్షిణాదిలో నడిపే పోటీకి తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల నుంచీ జట్లు వెళ్తుంటాయి. ఇంజన్ ప్రశ్న తీసేస్తే మిగిలేది ఏమిటో ఆ విద్యార్థులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ప్రభుత్వాలు కూడా బరువునే కొలమానంగా తీసుకున్నాయి. మన 2021 డ్రోన్ నిబంధనల్లో 250 గ్రాములు, 2 కిలోలు, 25 కిలోలు, 150 కిలోలు అని మెట్లున్నాయి. వినోదం, చదువు, పరిశోధన కోసం కంటికి కనిపించే దూరంలో ఎగరేసే 25 కిలోల లోపు నమూనాలకు టైప్ సర్టిఫికెట్ అవసరం లేదు. ఇంజన్ సైజు గురించి అక్కడ ఒక్క మాటా లేదు.

## ఇంకా తేలనివి

బరువు అంటే ఏ బరువు? ఎఫ్‌త్రీఏలో గ్లో విమానాన్ని ఇంధనం లేకుండా, ఎలక్ట్రిక్‌ను బ్యాటరీతో సహా తూచే పద్ధతి మీద ఎంతకాలంగానో గొడవ ఉంది. బ్యాటరీ ఇంధనమా, యంత్రంలో భాగమా? రెండు వైపులా న్యాయం ఉంది.

బరువైన విమానం గాలిలో నిలకడగా ఉంటుందా? స్థిరమైన గాలిలో విమానానికి గాలి ఉన్నట్టే తెలియదు, కాబట్టి ఆ మేరకు ఇది అపోహే. ఉన్నట్టుండి కొట్టే గాలి విషయంలో మాత్రం నిజముంది, వింగ్ లోడింగ్ ఎక్కువైతే కుదుపు తగ్గుతుంది. అయితే ఆ లాభానికి బదులు దిగేటప్పుడు వేగం రూపంలో చెల్లించాలి. ఎంత వరకు లాభం అన్నది పైలట్ చేతిని బట్టి మారుతుంది కనుక దీనికి ఒక అంకె రాలేదు.

## మన ఎండలో

పైన చెప్పిన హద్దులన్నీ ఎక్కువగా అమెరికా, ఐరోపా, జపాన్ మైదానాల్లో పుట్టినవి. హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది. మే నెలలో 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి సాంద్రత ప్రామాణిక సాంద్రత కంటే 14 శాతం దాకా తక్కువ. విజయవాడ కింద ఉన్నా 42 డిగ్రీల్లో 9 శాతం తక్కువే. హైదరాబాదు లెక్కలో స్టాల్ వేగం 8 శాతం దాకా పెరుగుతుంది. ఇంజన్ పీల్చే గాలి తగ్గి శక్తి పడిపోతుంది, ప్రొపెల్లర్ నెట్టే గాలి కూడా పల్చనవుతుంది. రెండూ ఒకే పాళ్లలో తగ్గుతాయి కనుక చుట్ల సంఖ్య దాదాపు అలాగే ఉంటుంది. టాకోమీటరు ‘అంతా బాగుంది’ అంటుంది, థ్రస్ట్ మాత్రం ఉండదు. టేకాఫ్ పరుగు మూడో వంతు పెరిగినా ఆశ్చర్యపోనక్కరలేదు.

పెద్ద ఇంజన్ పెడితే పోయిన థ్రస్ట్ తిరిగి వస్తుంది. పెరిగిన స్టాల్ వేగం తిరిగి రాదు, దాన్ని తగ్గించేవి బరువు, రెక్క వైశాల్యం మాత్రమే. రెండున్నర కిలోల ట్రైనర్ మే మధ్యాహ్నం హైదరాబాదులో, సముద్ర మట్టం దగ్గరి చల్లటి గాలిలో దిగినట్టు దిగాలంటే మూడు వందల గ్రాములకు పైగా వదిలించుకోవాలి. కాబట్టి మన మైదానాలకు డబ్బా మీది పై అంకె ఇంజన్ తీసుకోవడం తప్పు కాదు. కానీ అది తేలికగా కట్టిన విమానానికే సరిపోతుంది, బరువుగా కట్టిన విమానానికి సాకుగా వాడకూడదు.

ఈ లెక్కలు కాగితం మీదివి. మన వేడిలో, మన నేలల మీద ఏ బరువుకు ఏ ఇంజన్, ఏ ప్రొపెల్లర్ సరిపోయిందో మన అనుభవం నుంచే పట్టికలు తయారు కావాలి. ఏరోమోడలింగ్ నడిపే ఇంజనీరింగ్ కాలేజీలు, ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ యూనిట్లు, ఊళ్లలోని క్లబ్బులు ప్రతి విమానానికీ అయిదు అంకెలు రాసిపెట్టుకుంటే చాలు: ఎగిరేటప్పటి మొత్తం బరువు, రెక్క వైశాల్యం, ఇంజన్ లేదా మోటారు, ప్రొపెల్లర్ కొలత, ఆనాటి ఉష్ణోగ్రత. ఒక తక్కెడ, ఒక టేపు, ఒక థర్మామీటరు ఉంటే ఆ పని ఈ వేసవిలోనే మొదలుపెట్టవచ్చు.